ఈ వాన ఏ దారిన వచ్చింది?

ఆకాశం మబ్బు పట్టగానే మనం చేసే మొదటి పని ఏమిటి? మిద్దె మీద ఆరేసిన బట్టలు లాక్కొచ్చుకోవడం. వడియాలో, ఎండు మిరపకాయలో పోసి ఉంటే గబగబా మూట కట్టడం. మా ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఆడవాళ్లకు ఇంకో అలవాటు కూడా ఉంది. బట్టలు తీస్తూనే గాలి ఎటు నుంచి వీస్తోందో చూస్తారు. పడమటి గాలి అయితే “ఆఁ, ఇది దుమ్ము లేపి పోయేదేలే” అంటారు. తూర్పున మెరుపు కనిపిస్తే మాత్రం బోర్లించిన బిందెలు, బక్కెట్లు తీసి చూరు కింద పెడతారు.

నా పుట్టిల్లు ఆదోని, మెట్టినిల్లు ఎమ్మిగనూరు. రెండింటికీ మధ్య దూరం ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. రెండు ఊళ్లలోనూ గాలిని చూసి వాన చెప్పే అవ్వల మధ్యే పెరిగాను, కాపురం చేస్తున్నాను. వాళ్లు చూసేది మూఢనమ్మకం కాదనీ, ప్రపంచంలోని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు హిమాలయాల మంచులోనూ, మన కర్నూలు గుహల్లోనూ వెతుకుతున్నది కూడా సరిగ్గా ఆ ప్రశ్నకు జవాబేననీ చదివినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. ఆ ముచ్చట మీతో పంచుకుందామనే ఈ వ్యాసం.

ముచ్చట కోసమే కూడా కాదు. దీపావళి దాటితే మా వైపు పల్లెల్లో వీధులకు వీధులు ఖాళీ అవుతాయి. కోసిగి, మంత్రాలయం, ఆదోని మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి వెళ్తాయి. దీన్నే ‘సుగ్గికి పోవడం’ అంటాం. పసిపిల్లల్ని చంకనేసుకుని, బడికి పోయే పిల్లల్ని బడి మాన్పించి, ముసలివాళ్లను తాళం కప్పలా ఇంటికి కాపలా పెట్టి పోతారు. మా వీధి చివర ఉండే ఒకామె పోయిన ఏడు మూటలు కట్టుకుంటూ అడిగింది. “అక్కా, నువ్వు సదువుకున్నదానివి గదా. ఆ పక్కన కొండల్లో అంత వాన కురుస్తాదంట. ఈడికొచ్చేసరికి ఏమైపోతాది?” అని.

ఆ ప్రశ్నకు మొదటి సగం జవాబు బడి పుస్తకాల్లోనే ఉంది. రెండో సగం ఈమధ్య దశాబ్దాల్లో దొరికింది.

కొండల చాటున మనం

నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం మీదుగా తేమను మోసుకొస్తాయి. పడమటి కనుమలు వాటికి గోడలా అడ్డం నిలబడతాయి. గాలి కొండెక్కాలి. ఎక్కేకొద్దీ చల్లబడుతుంది, చల్లబడేకొద్దీ తేమ పట్టి ఉంచుకోలేక వానగా వదిలేస్తుంది. అందుకే కర్ణాటకలోని ఆగుంబేలో ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. కొండ దిగి ఇవతలికి వచ్చే గాలి వేడెక్కి, ఎండిపోయి ఉంటుంది. మా ఆదోని వైపు ఏడాది మొత్తం మీద పడేది అందులో దాదాపు పదో వంతు. దీన్నే వర్షచ్ఛాయా ప్రాంతం అంటారు. ఆషాఢంలో మా ఊళ్లలో తలుపులు కొట్టుకునేంత గాలి వీస్తుంది గానీ చుక్క రాలదు. మాకు ఆశంతా సెప్టెంబరు మీదే. అప్పుడు తూర్పు నుంచి, బంగాళాఖాతం అల్పపీడనాల పుణ్యమా అని నాలుగు వానలు పడతాయి.

గాలి ఇవ్వని నీటిని నది తెచ్చిస్తోంది. అదే కనుమల్లో పుట్టిన తుంగ, భద్ర కూడ్లి దగ్గర కలిసి తుంగభద్ర అవుతాయి. హోస్పేట దగ్గర కట్టిన డ్యామ్ నుంచి దిగువ కాలువ, అంటే మేం ‘ఎల్లెల్సీ’ అని పిలుచుకునే కాలువ, మా పొలాలకూ, కొళాయిలకూ ఆధారం. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయిందన్న వార్త వినగానే ఇక్కడ ఎంతమంది ఆడవాళ్లకు నిద్ర పట్టలేదో నాకు తెలుసు. ఎక్కడో కురిసిన వానను అరువు తెచ్చుకుని బతికే వాళ్లం మరి!

నీళ్లన్నీ ఒక్కటి కావు

ఇక రెండో సగం. ఇది కొంచెం సైన్సు. కంగారు పడకండి, చేట చేతపట్టిన వాళ్లందరికీ ఇట్టే అర్థమవుతుంది.

నీటిలో హైడ్రోజన్, ఆక్సిజన్ ఉంటాయని మనకు తెలుసు. ఆ ఆక్సిజన్‌లో రెండు రకాలు ముఖ్యం. మామూలుది ఆక్సిజన్ 16. కాస్త బరువైనది ఆక్సిజన్ 18. వీటినే ఐసోటోపులు అంటారు. రుచిలో, రంగులో తేడా ఉండదు. దాదాపు అయిదు వందల నీటి అణువుల్లో ఒకటి ఈ బరువు రకం. మామూలు అణువు బరువు 18 అనుకుంటే దీనిది 20. హైడ్రోజన్‌లోనూ డ్యుటీరియం అనే బరువు రకం ఉంది. అమెరికా శాస్త్రవేత్త హెరాల్డ్ యూరీ 1931లో దాన్ని కనిపెట్టి, 1934లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మణుగూరులో భారజల కర్మాగారం ఉందని వింటాం కదా, అక్కడ వేరు చేసేది ఈ డ్యుటీరియం ఉన్న నీటినే.

కళ్లంలో జొన్నలు తూర్పార పట్టడం చూశారా? చేటలోంచి వదిలితే గట్టి గింజ కాళ్ల దగ్గరే రాలుతుంది. తప్ప గింజ కాస్త అవతల పడుతుంది. పొట్టు గాలితో పాటు దూరం పోతుంది. నీటి ఆవిరి కథా అంతే. సముద్రం నుంచి లేచేటప్పుడు తేలిక నీరు ముందుగా, ఎక్కువగా లేస్తుంది. మబ్బు వానగా మారేటప్పుడు బరువు నీరు ముందుగా రాలిపోతుంది. మబ్బు ముందుకు పోయేకొద్దీ, కొండ ఎక్కేకొద్దీ, వాన కురిసేకొద్దీ అందులో మిగిలేది తేలిక నీరే. అంటే ఒక ఊళ్లో పడిన వాన చుక్కను పరీక్షిస్తే, ఆ మబ్బు ఎంత దూరం నడిచిందో, దారిలో ఎంత వదిలేసిందో దాదాపుగా చెప్పవచ్చన్నమాట.

ఇంకో సంగతి. పొడి గాలిలో పడే చిరుజల్లు నేలకు చేరేలోపే కొంత ఆవిరైపోతుంది. అప్పుడూ తేలిక నీరే ముందు పోతుంది కాబట్టి కింద పడే చినుకు బరువెక్కుతుంది. తుపానులో ఏకధాటిగా కురిసే వాన మాత్రం బాగా తేలిక. దక్షిణాదిలో ఈశాన్య రుతుపవనాల వాన నైరుతి వానకన్నా తేలిగ్గా ఉంటుందని కొలిచి చూశారు. తూర్పు మెరుపుకీ, పడమటి గాలికీ మా అవ్వ చెప్పే తేడా ఇలా చినుకులోనే రాసి ఉందన్నమాట.

ఓ సీసా, ఓ గరాటు

ఈ విద్యకు మొదలు ఎక్కడో తెలిస్తే నవ్వొస్తుంది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో విల్లీ డాన్స్‌గార్డ్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. 1952 జూన్‌లో ఒక శని, ఆదివారాల్లో వాన పట్టుకుంది. ఆయన ఇంటి తోటలో ఓ ఖాళీ బీరు సీసా పెట్టి, దాని మూతికో గరాటు తగిలించి, గంటలు గడిచేకొద్దీ పడిన వాన నీటిని విడివిడిగా పట్టారు. ప్రయోగశాలకు తీసుకెళ్లి కొలిస్తే, ఒకే వానలో మొదటి నీళ్లకూ తర్వాతి నీళ్లకూ తేడా కనిపించింది. అక్కడి నుంచి ఆయన ఆలోచన గ్రీన్‌లాండ్ మంచు దాకా వెళ్లింది. ప్రతి ఏడూ పడే మంచు పొరలు పొరలుగా పేరుకుని ఉంటుంది కదా, అందులో పాతకాలపు వాతావరణమంతా నిలవ ఉంటుందని ఊహించి, నిరూపించారు. 1960ల నుంచి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ కలిసి దేశదేశాల్లో వాన నీటిని సీసాల్లో పట్టి పరీక్షిస్తున్నాయి. మన ఢిల్లీ, ముంబై వానలు కూడా ఆ లెక్కల్లో ఉన్నాయి.

హిమాలయం దాచిన కరువు

1997లో లానీ థాంప్సన్, ఎలెన్ మోస్లీ థాంప్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తల జంట, చైనా శాస్త్రవేత్త యావో తాండోంగ్ బృందంతో కలిసి టిబెట్ అంచున ఉన్న శిషాపాంగ్మా పర్వతం దగ్గర పరిశోధనకు పూనుకుంది. అక్కడి డాసుపు హిమానీనదం మీద, 7,200 మీటర్ల ఎత్తున మంచులోకి గొట్టాలు దింపి పొడవాటి మంచు కడ్డీలు బయటికి తీశారు. ఎలెన్ గారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అంటార్కిటికాలో, గ్రీన్‌లాండ్‌లో మంచు తవ్వే బృందాలకు ఆమే నాయకత్వం వహించారు. గడ్డకట్టే చలిలో అది మగవాళ్ల పని అనుకునే రోజుల్లో!

ఆ మంచు కడ్డీల్లో ఏముంది? మన రుతుపవనాలు బలంగా ఉన్న ఏళ్లలో మంచు శుభ్రంగా ఉంది. వానలు తప్పిన ఏళ్లలో ఎండిన నేలల నుంచి లేచిన దుమ్ము, ఉప్పు తాలూకు క్లోరైడు ఆ పొరల్లో ఎక్కువగా చేరాయి. వెయ్యేళ్లలో అన్నిటికన్నా దట్టంగా ఈ గుర్తులు కనిపించింది 1790 నుంచి 1796 వరకు ఉన్న పొరల్లో. ఈ ఫలితాలు 2000లో అచ్చయ్యాయి.

ఆ ఏళ్లు చదవగానే నా చేతిలో పుస్తకం ఆగిపోయింది. చరిత్రలో ‘పుర్రెల కరువు’ అని పేరుపడ్డ మహా కరువు వచ్చింది అప్పుడే. చచ్చినవాళ్లను పూడ్చేవాళ్లు లేక దక్కను దారుల వెంట ఎముకలు తెల్లగా మెరిశాయని ఆ పేరు. అప్పుడు ఆదోని నిజాం ఏలుబడిలో ఉంది. 1786లో టిప్పు సుల్తాను దండయాత్ర చూసిన ఊరు. 1800లో దత్తమండలాల్లో భాగంగా ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. యుద్ధాలకూ రాజులకూ తేదీలున్నాయి. ఆ కరువులో పిల్లలకు గంజి దొరక్క ఏడ్చిన తల్లుల లెక్క మన దగ్గర ఎవరూ రాసిపెట్టలేదు. ఎక్కడో ఎవరెస్టుకు పొరుగున ఉన్న కొండ మాత్రం ఆ ఏడు దుమ్మును భద్రంగా దాచుకుంది.

తర్వాత 1876 నుంచి 1878 వరకు వచ్చిన ధాత కరువు గురించి పెద్దవాళ్ల నోట వినే ఉంటారు. అప్పటికి ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది (1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలులో కలిసింది). బళ్లారి, కర్నూలు జిల్లాలు ఆ కరువుకు బాగా బలైపోయాయి. 1877లో పసిఫిక్ మహాసముద్రం మీద బలమైన ఎల్ నినో వచ్చి ప్రపంచమంతటా గాలుల దారి మార్చేసిందని ఇప్పుడు తెలుసు. అక్కడ నీళ్లు వేడెక్కితే ఇక్కడ పొయ్యి ఆరిపోయింది. దానికి తోడు పాలకుల పిసినారితనం. గాలి ఒక్కటే మనుషుల్ని చంపదు కదా.

మన గుహల్లో చుక్క చుక్కా

మంచు లేని మన సీమలో ఈ చరిత్ర ఎక్కడ దొరుకుతుంది? గుహల్లో! బెలుం గుహలు చాలామంది చూసే ఉంటారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఈ గుహల గురించి రాశారు. 1982 నుంచి 84 వరకు జర్మన్ గుహాన్వేషకుడు గెబావర్ బృందం కొలతలు తీసింది. 2002లో సందర్శకులకు తెరిచారు. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహలు 2022లో జిల్లాలు విడిపోయాక నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి.

ఇలాంటి సున్నపురాతి గుహల్లో పైనుంచి నీటి చుక్క జారుతుంది. దాంట్లో కరిగిన సున్నం కొద్దికొద్దిగా గడ్డకట్టి, కింద శివలింగంలా పైకి పెరుగుతుంది. మన ఇళ్లలో ఉప్పునీళ్లు కాచే గిన్నెకు అడుగున తెల్లటి పొర కట్టడం లేదూ, అలాగే. ఆ పొరల్లో వాన నీటి ఆక్సిజన్ బందీ అయిపోతుంది. ఏ పొర ఏ కాలానిదో యురేనియం, థోరియం పాళ్లను బట్టి లెక్కగడతారు. తేలిక ఆక్సిజన్ ఎక్కువుంటే వానలు బలంగా కురిసిన కాలం, బరువుది పెరిగితే వానలు సన్నగిల్లిన కాలం అని స్థూలంగా చెప్పుకోవచ్చు.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న బృందం మన కర్నూలు ప్రాంతంలోని వాల్మీకి గుహ నుంచి తెచ్చిన అలాంటి ఒక రాతిని పరీక్షించింది. 2014లో ఆ వివరాలు వెలువడ్డాయి. సుమారు పదిహేను వేల ఏళ్ల కిందట, భూమి మంచుయుగం నుంచి బయటపడుతున్న రోజుల్లో, ఓ వెయ్యేళ్ల పాటు మన రుతుపవనాలు ఎలా ఉన్నాయో ఆ రాయి చెప్పింది. వానలు నిదానంగా మారలేదట. ఉన్నట్టుండి పెరగడం, ఉన్నట్టుండి తగ్గడం జరిగిందట.

ఛత్తీస్‌గఢ్‌లో జగదల్‌పూర్ దగ్గర దండక్ గుహ ఉంది. అక్కడి రాయి క్రీ.శ. 600 నుంచి 1500 దాకా కథ చెబుతుంది. పద్నాలుగో శతాబ్దంలోనూ, పదిహేనో శతాబ్దం నడుమా ఏళ్ల తరబడి వానలు సన్నగిల్లిన కాలాలు అందులో ఉన్నాయి. దక్కనులో 1396 నుంచి ‘దుర్గాదేవి కరువు’ సాగిందని చరిత్ర చెప్పేది కూడా ఆ కాలంలోనే. విజయనగర రాజ్యం పుట్టి పెరిగిన కాలం కూడా అదే సుమండీ! 1369లో కడప సీమలోని పోరుమామిళ్లలో బుక్కరాయల కొడుకు భాస్కరుడు పెద్ద చెరువు తవ్వించి, ఎలా కట్టాలో శాసనం కూడా వేయించాడు. వానలు తగ్గినందుకే తవ్వించాడని నేను చెప్పలేను. కానీ మన పెద్దలు వానను నమ్మి కూర్చోకుండా చెరువును నమ్ముకున్నారన్నది మాత్రం కళ్లకు కనిపిస్తున్న నిజం.

గాలి దారి మారితే లెక్క మారుతుంది

ఇంత చదివాక, ‘తేలిక నీరు అంటే మంచి వాన’ అని తేల్చేద్దామా? అంత తొందర వద్దు. టిబెట్ పీఠభూమే తీసుకోండి. దాని దక్షిణ భాగానికి మన రుతుపవనాలు వెళ్తాయి. వేసవిలో అక్కడ పడే నీరు, చలికాలం కన్నా వెచ్చగా ఉన్నా, తేలిగ్గా ఉంటుంది. దారి పొడుగునా కురుస్తూ వెళ్లిన గాలి కదా. ఉత్తర భాగానికి పశ్చిమ దేశాల మీదుగా వేరే గాలులు వస్తాయి. అక్కడ సరిగ్గా తలకిందులు. వేసవి మంచు బరువు, చలికాలం మంచు తేలిక. ఒకే పీఠభూమి, రెండు గాలులు, రెండు లెక్కలు. అందుకే మంచులో ఒక అంకె కనిపిస్తే అది వేడి వల్ల వచ్చిందా, వాన వల్లా, లేక గాలి దారి మార్చుకోవడం వల్లా అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు.

మన దగ్గరే 2009 గుర్తు తెచ్చుకోండి. ఆ ఏడు దేశం మొత్తం మీద నైరుతి వానలు 22 శాతం తగ్గాయి. కరువే అనుకున్నాం. సెప్టెంబరు ఆఖరులో తూర్పు నుంచి అల్పపీడనం వచ్చి కుండపోతగా కురిసింది. అక్టోబరు 2న కర్నూలు మునిగింది, మంత్రాలయం మునిగింది. వెయ్యేళ్ల తర్వాత ఆ ఏటి పొరను ఏ గుహలోనో చూసినవాళ్లకు ఎండు నెలలు కనిపిస్తాయా, వరద కనిపిస్తుందా? ఏడాది మొత్తం వాన కొలత ఒక్కటే చూస్తే ఆ రెండు కష్టాలూ కలిసిపోయి, అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ఇంటి జమాఖర్చు రాసే మనకు ఈ మాయ కొత్తేం కాదు. నెల మొత్తానికి లెక్క సరిపోయినా, ఇరవయ్యో తారీకున చేతిలో రూపాయి లేని బాధ ఆ మొత్తంలో కనబడదు.

మనకేం లాభం?

ఇదంతా మనకెందుకు అంటారా? ముందుగా, బోరు నీళ్ల కోసం. ఇదే ఐసోటోపుల పరీక్షతో ఒక ఊరి బోరులో వచ్చే నీరు వాన ఇంకినదా, కాలువ నుంచి ఊరినదా అని చెప్పవచ్చు. చెరువులో, డ్యామ్‌లో ఎండకు నిలిచిన నీరు బరువెక్కి ఉంటుంది కాబట్టి గుర్తు పట్టేస్తారు. ట్రిటియం అనే ఇంకో రకం హైడ్రోజన్ పన్నెండేళ్ల చిల్లరకోసారి సగానికి తగ్గిపోతుంది. అది బొత్తిగా లేదంటే ఆ నీరు 1950లకు ముందు ఎప్పుడో నేలలోకి దిగింది. అంటే మన అవ్వల కాలం నాటి వాన! దాన్ని మోటారు పెట్టి తోడేస్తే మళ్లీ నిండటానికి మన మనవరాళ్ల కాలం పడుతుంది. పెళ్లికి పెట్టిన బంగారం అమ్ముకుని రోజువారీ కూరగాయలు కొనడం లాంటిది అది. అయిదొందల అడుగులు, ఎనిమిదొందల అడుగులు అని బోర్లు దింపే ముందు ప్రతి గ్రామసభలోనూ అడగాల్సిన ప్రశ్న ఇది. అడగాల్సిన వాళ్లలో బిందె మోసే మనమే ముందుండాలి.

రెండోది, విత్తనం కోసం. బెంగుళూరు ఐఐఎస్‌సీలో పనిచేసిన సులోచనా గాడ్గిల్ రుతుపవనాల మీద జీవితమంతా పరిశోధించారు. నేల వేడెక్కడం వల్లే రుతుపవనం వస్తుందని మనం బడిలో చదువుకున్నాం. వానలు తప్పిన ఏళ్లలో నేల ఇంకా వేడిగా ఉంటుంది కదా, మరి వాన ఎక్కువ రావాలిగా అని అడిగారావిడ. భూమధ్యరేఖ దగ్గరి వానల పట్టీ వేసవిలో ఉత్తరానికి జరగడమే రుతుపవనమని వివరించారు. అంతటితో ఆగకుండా మన అనంతపురం వేరుశనగ రైతులతో కూర్చుని, ఏ రోజుల్లో విత్తితే నష్టం తక్కువో పాత వానల లెక్కలు తీసి పరిశీలించారు. ఆకాశాన్ని చదివిన మనిషి నేల మీది రైతు దగ్గరికి రావడం నాకు ఆవిడలో నచ్చిన గుణం.

మా వీధి చివరి చెల్లెలికి నేను చెప్పగలిగిన జవాబు ఇదీ: “వాన నిన్ను మర్చిపోలేదమ్మా. కొండల చాటున ఉన్నాం కాబట్టి మనకు ఎప్పుడూ తక్కువే. గాలి దారి తప్పిన ఏళ్లు వెనకా ఉన్నాయి, ముందూ ఉంటాయి. అలాంటి ఏడు వస్తుందని తెలిసీ చెరువు పూడిక తీయకపోవడం, ఊళ్లో పని చూపించకపోవడం, నీ పిల్లల చదువు సుగ్గి పాలు చేయడం గాలి తప్పు కాదు.” వెయ్యేళ్ల మంచు, పదిహేను వేల ఏళ్ల రాయి సాక్ష్యం చెబుతుంటే, ‘అనుకోకుండా కరువొచ్చింది’ అని ఎవరైనా అంటే మనం ఒప్పుకోనక్కర్లేదు.

మీ ఇంట్లో ఓ వాన పుస్తకం

చివరగా మన చేతుల్లో ఉన్న పని ఒకటి. అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న గాజు డబ్బా ఒకటి తీసుకోండి. పచ్చళ్ల సీసాలాగా మూతి దగ్గర సన్నబడకూడదు. చెట్టూ, చూరూ అడ్డం లేని చోట, మిద్దె మీద ఇటుకల మధ్య కదలకుండా పెట్టండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు పిల్లల స్కేలుతో నీటి ఎత్తు కొలవండి. ఎన్ని మిల్లీమీటర్లుంటే అంత వాన పడినట్టు. నీళ్లు పారబోసి మళ్లీ పెట్టండి. ఓ నోటుపుస్తకంలో తారీకు, కార్తె, వాన కొలత, వాన ముందు గాలి ఎటు నుంచి వీచిందో రాయండి. మృగశిర నుంచి స్వాతి దాకా చాలు.

ఆ పని మీ ఆడపిల్లకు అప్పగించండి. ‘ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదు’ అన్న సామెత మీ ఊరికి ఎంతవరకు నిజమో పదేళ్లలో తనే అంకెలతో చెబుతుంది. డాన్స్‌గార్డ్ మొదలుపెట్టింది కూడా ఓ సీసాతోనే కదా!